ఊలమ్మ చేతులు

నోటీసు వచ్చిన రోజు ఊలమ్మకి ఏమీ అనిపించలేదు. పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో ఆవిడ ఉద్యోగం. మధ్యాహ్నం పేషెంట్లెవరూ లేని పావుగంటలో, అపాయింట్‌మెంట్ల పుస్తకం మీద ఫోన్ పెట్టుకుని చదివింది. బ్లాగులు నడిపే కంపెనీవాళ్ళు ఎంతో మర్యాదగా రాశారు. ఇన్నేళ్ళు తమతో ఉన్నందుకు కృతజ్ఞతలట. ఈ నెలాఖరుతో అన్నీ మూసేస్తున్నారట. ఆ తర్వాత రాతలూ ఉండవు, ఫోటోలూ ఉండవు, కింద చదివినవాళ్ళు పెట్టిన కామెంట్లూ ఉండవు. ఆవిడ రెండుసార్లు చదివి, ఫోన్ బోర్లా పెట్టి, అప్పుడే లోపలికొచ్చిన మనిషికి నింపమని ఫారం ఇచ్చింది.

ఊలమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు లెండి. అల్లికల మీద ఆవిడ రాసే బ్లాగుని చదివేవాళ్ళు తగిలించిన ముద్దుపేరు. పదకొండేళ్ళు నడిపింది. నాలుగు వందల పైచిలుకు పోస్టులు, ఆరు వేల కామెంట్లు. పసిపిల్లల టోపీల నుంచి పెద్దవాళ్ళ స్వెటర్ల దాకా, ఏ వరసలో ఏ కుట్టు వెయ్యాలో చేతులు పట్టి నేర్పించినట్టు రాసేది. ఇంతా చేసి ఆవిడకి అల్లడం సరిగ్గా రాదు. ముక్కున వేలేసుకోకండి, చెబుతాను.

అల్లేది వాళ్ళక్క. రెండు వీధుల అవతల ఉంటుంది. ఆవిడది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు బళ్ళో టీచరమ్మ స్కేలుతో వేళ్ళ మీద కొట్టి కొట్టి రాతనైతే కుడిచేతికి మార్చగలిగింది కానీ, అల్లికని మార్చడం ఆవిడ తాతవల్ల కూడా కాలేదు. ఊలు ఉండా రెండు సూదులూ ఇస్తే చాలు, అక్క ఎడమచెయ్యి తన దారిన తాను పోయేది. టీవీ చూస్తూ అల్లేది, బావగారిని తిడుతూ అల్లేది. చెల్లెలు అల్లితే మాత్రం కుట్లు ఊపిరాడనంత బిగుతుగా వచ్చేవి. ఒకసారి ముచ్చటపడి మొగుడికి మేజోళ్ళు అల్లిపెడితే, కాళ్ళు దూరక, అందులో ఒకదాన్ని ఆయన కళ్ళజోడు పెట్టుకోవడానికి వాడుకున్నాడు. డ్రైవింగ్ నేర్పే మనిషి. పక్కసీట్లో కూర్చుని ఇంతమందిని భరించాక ఓర్పు వచ్చేసింది, అందుకే పల్లెత్తు మాట అనలేదు.

చెల్లెలికి వచ్చింది రాయడం. అక్కకి రానిదీ అదే. "ఈ కుట్టు ఎలా వేశావే?" అని అడిగితే "ఇలా" అనేది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి "ఇలా" అనేది. చెల్లెలు పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆగమని, మళ్ళీ చెయ్యమని, కుట్టు కుట్టుకీ ప్రాణం తీసి, ఫోటోలు పట్టి, వరసలు లెక్కపెట్టి కాగితం మీద పెట్టేది. ఆ బ్లాగంతా అక్క అన్న "ఇలా"కి చెల్లెలు రాసిన అర్థమే.

ఇందులో ఒక చిక్కుంది. పుర్రచేతితో అల్లేది చూసి కుడిచేతివాళ్ళు నేర్చుకోలేరు, అంతా ఎదురుతిరిగి కనిపిస్తుంది. అందుకని ఊలమ్మ ప్రతి ఫోటోనీ కంప్యూటర్లో అద్దంలో బొమ్మలా తిప్పి పెట్టేది. అప్పుడు అక్క ఎడమచెయ్యి చూసేవాళ్ళకి కుడిచెయ్యి అయిపోయేది. మొదట్లో ఇదంతా మంచి బుద్ధితో చేసిందే. నేర్చుకునేవాళ్ళకి సుళువు కావాలనే చేసింది. ఒకసారి పొడవు చూపించడానికి పక్కన టేపు పెట్టి తీసిన ఫోటోని కూడా అలవాటుకొద్దీ తిప్పేసింది. టేపు మీద అంకెలన్నీ అటు మొహం పెట్టుకు కూర్చున్నాయి. చదివేవాళ్ళు నెల రోజులు ఆటపట్టించారు. ఊలమ్మగారింట్లో గడియారం కూడా వెనక్కే తిరుగుతుందా అని ఒకావిడ అడిగింది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. "ఆ చేతులు మా అక్కవి, ఆవిడది పుర్రచెయ్యి" అని ఒక్క ముక్క. చెప్పలేదు. ఫోటో తిరగబడిందండీ, మన్నించండి అని రాసి ఊరుకుంది.

ఎందుకు చెప్పలేదంటే, అప్పటికే ఆలస్యమైపోయింది. మొట్టమొదటి పోస్టు కింద మొట్టమొదటి కామెంటు ఇది: "మీ చేతులు ఎంత ముచ్చటగా ఉన్నాయండీ, చూస్తూ ఉండిపోయాను." ఊలమ్మ దానికింద "థాంక్సండీ" అని రాసింది. అంతే. అబద్ధమంటే అబద్ధమూ కాదు. పక్కింటివాళ్ళ పార్సిల్ పొరపాటున మన గుమ్మంలోకి వస్తే సంతకం పెట్టి లోపల పెట్టుకున్నట్టు. సాయంత్రమే వెళ్ళి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఏడాది పోయాక ఏ మొహం పెట్టుకుని తలుపు తడతాం?

అక్కకి కంప్యూటరంటే పడదు. ఎప్పుడైనా సూదులు పక్కన పెట్టి, "ఇవన్నీ ఎవరైనా చూస్తారంటావా?" అని అడిగేది.

"ఏదో, ఒకరిద్దరు," అనేది చెల్లెలు.

"ఒకరిద్దరి కోసం ఇంత రాస్తావా? పనీపాటా లేదూ నీకు?" అని నవ్వేది అక్క. అల్లడం పూర్తయినదాన్ని మడతపెట్టి, కలరా ఉండలు వేసిన పెట్టెలో పడేసి, కొత్త ఉండ విప్పుకునేది.

పద్నాలుగు నెలల కిందట ఒక పొద్దున అక్క చేతిలోంచి కాఫీ కప్పు జారిపోయింది. పక్షవాతం వచ్చి ఎడమవైపంతా పడిపోయింది. మూతి చాలావరకు చక్కబడింది, కాలు ఈడ్చుకుంటూ నడిచే దాకా వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట అన్నారు: నయం, ఎడమచెయ్యి పోయింది, కుడిచెయ్యి అయితే ఎంత కష్టమయ్యేది! పెద్ద డాక్టరు కూడా అదే అన్నాడు. అక్క అందరి మాటా విని తల ఊపింది.

ఇక బ్లాగులో కొత్త పోస్టులెక్కడివి? రెండు నెలలు చూసి, చదివేవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. ఊలమ్మ ఒక్క వాక్యం పెట్టింది: "చేతికి బాగాలేదు, కొన్నాళ్ళు విరామం." ఎవరి చేతికో రాయలేదు. రాయకపోతే ఎవరి చెయ్యి అనుకుంటారు? నూట అరవై మంది పరామర్శించారు. నూనె మర్దనా చేయించుకోమన్నారు, బంతి నొక్కమన్నారు, తొందరపడి సూదులు పట్టొద్దన్నారు. ఊలమ్మ తన రెండు మంచి చేతులతోనూ అందరికీ టైపు చేసింది, "మీ అభిమానానికి థాంక్స్" అని. టైపు చేస్తుంటే సిగ్గూ వెయ్యలేదు, ఏడుపూ రాలేదు. అప్పట్నుంచీ అంతే. పొద్దున్నే లేచేది, క్లినిక్‌కి వెళ్ళేది, ఆదివారం ఆదివారం అక్కని చూసొచ్చేది. అన్నం తింటే అన్నం తిన్నట్టు తెలిసేది కాదు. మనసు మొద్దుబారిపోయింది, దానికి వేరే పేరేమీ లేదు.

అటువంటప్పుడు ఈ నోటీసు. నిజం చెప్పుకోవాలంటే అది ఆవిడ పాలిట వరం. నోరు మూసుకుని మూడు వారాలు గడిపితే చాలు, సాక్ష్యాలన్నీ కంపెనీవాళ్ళే తుడిచిపెడతారు. అక్కకి ఎప్పటికీ తెలియదు. ఊలమ్మ ఊలమ్మగానే పోతుంది. ఆ రోజు భోజనాల దగ్గర మొగుడికి చెప్తే, "పోతే పోనీ, కాలు నొప్పెట్టినప్పుడు బండి ఆపెయ్యడమే మంచిది," అన్నాడు. ఆయన ఒక్కరోజు కూడా ఆ బ్లాగు తెరిచి చూసిన పాపాన పోలేదు. ఊలమ్మ సరేనని పళ్ళేలు తీసింది. అలా రెండు వారాలు గడిపేసింది కూడా.

ఆ తర్వాత శుక్రవారం బావగారు క్లినిక్‌కి వచ్చారు. లిఫ్టులు బాగుచేసే పని చేసి రిటైరైన మనిషి. పుచ్చిన దవడపన్ను తీయించుకోవాలి. మత్తు ఇంజెక్షన్ చేయించుకుని, అది ఎక్కేదాకా ముందు గదిలో వచ్చి కూర్చున్నారు. కాసేపటికి మూతి ఒకపక్కకి జారింది.

"మాట్లాడుతుంటే నా నోరు నాది కానట్టుందమ్మా," అన్నారు. "మీ అక్క బాధ ఇప్పుడు తెలిసింది."

"రెండు గంటల్లో పోతుంది బావగారూ. అప్పటిదాకా ఏమీ నమలకండి, పెదవి కొరుక్కుంటారు." రోజుకి పదిమందికి చెప్పే మాటే.

"నాకు పోతుందిలే." ఆయన రుమాలుతో మూతి తుడుచుకున్నారు. "నిన్న మీ అక్క ఆ పెట్టె తీయించింది. స్వెటర్లు, టోపీలు, అన్నీ బయట పరిపించింది. అరగంట చూసింది. ముప్ఫై ఏళ్ళు అల్లాను, పురుగుల కోసం అల్లినట్టుంది, ఒక్కళ్ళకీ పనికి రాలేదు, అంది. సోమవారం పాతబట్టలు తీసుకెళ్ళేవాళ్ళు వస్తారు, ఇచ్చెయ్యమంది. నేను వద్దన్నాను. నా మాట ఎప్పుడు విన్నది గనక? నువ్వు చెబితే వింటుందేమో."

లోపల్నుంచి డాక్టరు పిలిచాడు. బావగారు లేచి వెళ్ళారు. ఊలమ్మ పెన్ను చేతిలో పట్టుకుని కూర్చుంది. ఒక్కళ్ళకీ పనికి రాలేదట. ఆరు వేల కామెంట్లు ఆవిడ ఫోన్‌లో, టేబుల్ మీద, జానెడు దూరంలో ఉన్నాయి. బుధవారం నుంచి ఉండవు.

ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయల్దేరింది. ధైర్యం వచ్చి కాదు. చెప్పకుండా ఉండటానికి కావలసిన ఓపిక అయిపోయింది.

అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో దిండు, దిండు మీద ఎడమచెయ్యి. గుమ్మం దగ్గర నాలుగు సంచులు మూతులు కట్టేసి వరసగా ఉన్నాయి. ఒక సంచి చిరుగులోంచి పచ్చ ఊలు కనిపిస్తోంది. ఊలమ్మ సంచుల్ని దాటుకుని వచ్చి, బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, ఎండ గురించి మాట్లాడింది. బావగారి పన్ను గురించి మాట్లాడింది. కొళాయి కారుతోందని చెప్పింది.

"కొళాయి సంగతి చెప్పడానికా అంత బరువు మోసుకొచ్చావు?" అంది అక్క. మాట కాస్త ముద్దగా వస్తుంది గానీ, అందులో పదునేం తగ్గలేదు.

"నీకు కొన్ని చదివి వినిపించాలక్కా."

"చదువు. నాకేం పనుంది?"

ఊలమ్మ మొదటి పోస్టు తెరిచి, మొదటి కామెంటు చదివింది. మీ చేతులు ఎంత ముచ్చటగా ఉన్నాయండీ, చూస్తూ ఉండిపోయాను.

"ఎవరి చేతులు?"

"నీవి."

ఊలమ్మ ఆగకుండా చదువుకుంటూ పోయింది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. నెలలు నిండకుండా కవలల్ని కన్న తల్లి రాసినది చదివింది: "బత్తాయి పండంత తలలు, దుకాణాల్లో వాళ్ళకి సరిపోయే టోపీలే లేవు. మీ చేతులు చూస్తూ ఆసుపత్రి వరండాలో కూర్చుని రెండు అల్లాను. ఇద్దరూ బతికారు. ఇప్పుడు బడికి వెళుతున్నారు." రిటైరైన పోస్టుమాస్టరు రాసినది చదివింది: "మా ఆవిడ సగంలో వదిలేసి వెళ్ళిపోయిన స్వెటర్‌ని మీ ఫోటోలు చూసి నేనే పూర్తి చేశాను. మెడ దగ్గర బిగుసుకుపోయింది. అలాగే వేసుకుంటున్నాను."

"మెడ దగ్గర కుట్లు మూసేటప్పుడు ఒక సైజు పెద్ద సూది పట్టాలని చెప్పానుగా," అంది అక్క. "రాయలేదా?"

"రాశాను."

"మరెందుకు బిగుసుకుంది?"

"చదివి ఉండడు."

"మగవాళ్ళంతే," అంది అక్క. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న బావగారు దగ్గారు.

గంటసేపు చదివింది. అక్క కుర్చీలో ముందుకు జరిగింది. ఒకావిడ జడల డిజైన్ స్వెటర్ ఎనిమిది అల్లానని రాస్తే, ఎనిమిదా అని ఆశ్చర్యపోయింది. ఇంకొకావిడ ఊలు రంగు బాగాలేదని రాస్తే, దాని మొహం, దానికేం తెలుసు అంది. మొహంలోకి రక్తం వచ్చింది. పద్నాలుగు నెలలుగా ఊలమ్మ చూడని మొహం అది. చూస్తే సంతోషం కలగాలి. కలగలేదు. ముందు రాబోయేది తెలుసు.

"ఊలమ్మా ఊలమ్మా అంటున్నారు అందరూ. ఎవరే ఆవిడ?"

"నేనే. నన్నే అలా పిలుస్తారు."

"నువ్వా." అక్క కుడిచెయ్యి దిండు అంచుని నలిపింది. "ఒకరిద్దరు చూస్తారన్నావు."

"అన్నాను."

"ఇందులో నేనెక్కడున్నాను?"

"లేవక్కా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క కిటికీలోంచి చూసింది. వీధిలో ఎవరో సైకిల్‌కి గాలి కొట్టుకుంటున్నారు.

"చివరిది చదువు," అంది.

"అక్కర్లేదక్కా, అన్నీ ఒకలాగే..."

"చదవమంటున్నానా?"

చివరిది నాలుగు రోజుల కిందట వచ్చింది. 'బామ్మ నంబర్ వన్' అని పేరు పెట్టుకుని, మొదటి ఏడాది నుంచీ ఒక్క పోస్టూ వదలకుండా కామెంటు పెట్టే ముసలావిడ రాసింది. ఊలమ్మ చదివింది. గొంతులో ఏమీ లేకుండా, ఫారం చదివినట్టు చదివింది: "ఊలమ్మా, ఇది మూసేస్తున్నారట. నాకు డెబ్భై తొమ్మిది. ఇంకో చోట నిన్ను వెతుక్కునే ఓపిక లేదు. నీ చెయ్యి ఎలా ఉంది తల్లీ? ఏడాదయింది, బాగుపడిందో లేదో చెప్పలేదు. రోజూ దండం పెట్టుకునేటప్పుడు నీ చెయ్యి తలుచుకుంటున్నాను. ఒక్క ముక్క రాయి."

అక్క నెమ్మదిగా ఇటు తిరిగి, లాప్‌టాప్ మీద ఉన్న చెల్లెలి చేతుల్ని చూసింది. ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"నీ చేతికేమైందే?"

"ఏం కాలేదు."

ఊలమ్మకి సిగ్గేసింది. చెవులు వేడెక్కేంత సిగ్గు. ఇన్ని నెలల తర్వాత మొట్టమొదట తెలిసిన సంగతి అదే. ఇక్కడి నుంచి లేచి వెళ్ళిపోతే బావుణ్ణనిపించింది.

"వాళ్ళు నీ చేతులనుకున్నారు," అంది అక్క. "వాళ్ళకి తెలీదు, అనుకున్నారు. నువ్వో?"

ఊలమ్మ అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. పదకొండేళ్ళ అలవాటు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నేనూ అనుకున్నానక్కా. అవి చదువుతున్నంతసేపూ నా చేతులే అనుకునేదాన్ని. క్లినిక్‌లో కూర్చుని వేళ్ళు చూసుకునేదాన్ని. చెయ్యి బాగాలేదని రాసినప్పుడు... నిజంగా నాకే ఏదో అయినట్టుండేది."

అక్క కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుంది. దిండు మీద నుంచి ఆ చేతిని ఎత్తి, బల్ల అంచు మీదుగా ఈడ్చుకొచ్చి, చెల్లెలి ఒళ్ళో పడేసింది.

"అయితే నీదే. పట్టుకో."

ఊలమ్మ పట్టుకుంది. ఇంత బరువుంటుందని తెలియదు. ఇన్ని ఆదివారాలు వచ్చి వెళ్ళింది గానీ, ఒక్కసారీ ఆ చేతిని ముట్టుకోలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. చూపుడువేలి పక్కన, సూది ఆని ఆని కాసిన కాయ ఇంకా మెత్తబడలేదు. చెయ్యి వెచ్చగా ఉంది. తను నొక్కితే అటునుంచి జవాబు లేదు. అప్పుడు ఏడుపు వచ్చింది. చప్పుడు లేకుండా కాదు, ముక్కు కారేలా, చిన్నపిల్ల ఏడ్చినట్టు వచ్చింది. బావగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసి, వెనక్కి వెళ్ళిపోయారు.

అక్క ఓదార్చలేదు. చెయ్యి వెనక్కీ తీసుకోలేదు.

"ఏడుపు తర్వాత," అంది. "ఆ ముసలావిడ చెయ్యి ఎలా ఉందని అడిగింది. రాయి."

"ఏమని రాయను?"

"రాయడం నీకు వచ్చు. నాకు రాదు."

ఊలమ్మ అక్క చేతిని ఒళ్ళో ఒక చేత్తో పట్టుకునే ఉంది. రెండో చేత్తో, ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. అక్క ముందుకు వంగి చూస్తోంది.

"బామ్మగారూ, ఆ చెయ్యి మా అక్కది. ఇంకా బాగుపడలేదు."